సహాయసంఘములును బ్యాండుమేళములును
(న్యూ ఆర్లియన్సు నగరచరిత్రనుండి ఒక పాఠము)

మన సంఘ వార్షిక మహాసభా సంచికకు చరిత్రవిషయమును గూర్చి వ్యాసమొకటి వ్రాసి పంపుమని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. పాఠకమహాశయులు మా నుండి గోత్రనామముల పుట్టుకను గూర్చియో, శాసనములయందు మన పూర్వుల ప్రస్తావనను గూర్చియో వ్రాత నాశించియుందురు. అట్టి వ్యాసములు ఇదివఱకు పెక్కు వెలువడినవి. ఇక మీదటను వెలువడగలవు. ఈసారి మేము వేఱొక విషయమును గైకొంటిమి. మహాసభనాడు అందఱికంటె ముందు నడచునదియు, సభ ముగియగానే అందఱికంటె ముందు మఱువబడునదియు ఏదియో, ఆ బ్యాండుమేళమే మా విషయము.

మన దేశమునకు బ్యాండుమేళము దొరల పటాలములతో వచ్చినది. దండులలో మ్రోగిన ఇత్తడి బాకాలును, పెద్ద డ్రమ్ములును క్రమముగా సంస్థానాధిపతుల కొలువులకును, అచటినుండి సంపన్నుల పెండ్లిండ్లకును, తుదకు సామాన్యుల వీథులకును దిగివచ్చెను. మన యూళ్లలో సన్నాయి మంగళవాద్యముగా నిలిచియుండగా, బ్యాండు ఆడంబరవాద్యమైనది. బాజా వాయించువారు కూలికి పిలువబడుదురు. కూలి పుచ్చుకొని పోవుదురు. పిలిచినవారికిని వాయించినవారికిని అంతకు మించిన సంబంధము లేదు.

సముద్రముల కావల ఒక నగరమున ఇట్లు కాదు. అచట బ్యాండుమేళము పరస్పరసహాయసంఘములతో పెనవేసికొని పెరిగినది. అచట ముందు నిధి పుట్టెను. పిమ్మట మేళము వచ్చెను. ఈ పౌర్వాపర్యమే మా వ్యాసమునకు ప్రాణము. శ్మశానమువఱకు తోడువచ్చువాడే బంధువని మన నీతిశాస్త్రములు బంధుశబ్దమునకు లక్షణము చెప్పుచున్నవి. ఆ లక్షణమును సంస్కృతము నెఱుగని యొక జాతి తన వీథులలో ఎట్లు ఆచరించి చూపెనో పాఠకులకు విన్నవింతుము.

వాద్యముల సంగతి

మొదట వాద్యములను గూర్చి కొంచెము చెప్పవలయును. పూర్వపు ఇత్తడి బాకాలో గొట్టము ఒకటే. దాని పొడవు మాఱదు. ఊదువాడెంత నేర్పరి యైనను, ఆ గొట్టమునకు సహజములైన కొన్ని స్వరములే పలుకును గాని సప్తస్వరములును వరుసగా పలుకవు. దేవాలయోత్సవములలో కొమ్ము నూదుట విన్నవారికి ఈ సంగతి తెలియును. 1810లో డబ్లిను నగరమున జోసెఫ్ హాలిడే యనునతడు మీటలు గల బ్యూగిలునకు పేటెంటు పొందెను. 1818లో ప్రష్యా దేశమున స్టోల్జెల్, బ్లూమెల్ అను నిరువురు వాల్వునకు పేటెంటు గైకొనిరి. వ్రేలితో వాల్వును నొక్కినంతనే గాలి ఒక అదనపు గొట్టములోనికి మఱలి, బాకా పొడవు క్షణములో పెరిగి, స్వరము మాఱును. ఈ చిన్న యంత్రముతో ఇత్తడి బాకాకు సంపూర్ణమైన గానశక్తి లభించెను.

1840వ దశకమున, బెల్జియమున పుట్టి పారిసున స్థిరపడిన అడోల్ఫ్ సాక్స్ అను శిల్పి, చిన్నది మొదలు మిక్కిలి పెద్దదానివఱకు ఒకే కుటుంబమునకు చెందిన సాక్సుహార్నులను నిర్మించెను. వీనిలో వ్రేళ్ల వాడుక అంతయు ఒకటే. ఒక వాద్యము నేర్చినవాడు మఱియొకదానిని కొలది కాలములోనే పట్టగలడు. మేళములో ఒకడు జబ్బుపడినచో వేఱొకడు ఆ స్థానమున నిలువగలడు. కర్మాగారములలో ఇట్టి వాద్యములు విరివిగా తయారై వెల తగ్గుటతో, పగలెల్ల పనిచేసి సాయంకాలమున రెండు గడియలు సాధకము చేయు కూలివానికిని సంగీతము అందుబాటులోనికి వచ్చెను. ఆరుబయట, జనసమ్మర్దమున, గాలివానలోనైనను వినబడు ధ్వని ఇత్తడిది. అందువలన ఊరేగింపునకు ఇది తగిన వాద్యమైనది.

ఇంగ్లండున సహాయసంఘములు

ఆ కాలముననే ఇంగ్లండులో యంత్రశాలలు పెరిగి, పల్లెజనము పట్టణములకు చేరుచుండెను. జబ్బు చేసిన దినమున కూలి లేదు. చనిపోయినవానిని సొంత ఖర్చుతో పాతిపెట్టలేనిచో ధర్మపు ఖర్చుతో, పేరు లేని గోతిలో పూడ్చుదురు. ఈ దిక్కులేని చావునకు ఆ దేశపు కూలివాడు చావుకంటె ఎక్కువ భయపడెను. కావున పదిమంది చేరి వారమున కొన్ని పెన్నీల చొప్పున పెట్టెలో వేసికొని, జబ్బుపడినవానికి భృతియు, చనిపోయినవానికి శవసంస్కారమును జరుపు ఏర్పాటు చేసికొనిరి. ఇవియే స్నేహసంఘములు. 1793లో ఆంగ్లప్రభుత్వము వీనికొఱకు ప్రత్యేకముగా ఒక చట్టము చేసెను. 1810లో మాంచెస్టరు నగరమున ఆడ్‌ఫెలోస్ అను సంఘముయొక్క గొప్ప శాఖ ఏర్పడెను.

ఈ సంఘములకు రహస్యసంకేతములును, పట్టీలును, పతాకములును ఉండెను. ఈస్టరు పిమ్మట ఏడవ వారమున వచ్చు విట్సన్ పండుగ దినములలో సభ్యులందఱును పతాకము పట్టి, మేళము ముందు నడువ, చర్చికి పోయి వచ్చి సహపంక్తిని భుజించెడివారు. దీనిలో వినోదము మాత్రమే కాదు, వ్యవహారమును గలదు. సంఘము బ్రతికియున్నది, దాని పెట్టెలో ధనమున్నది, సభ్యులు ఇందఱున్నారు అని ఊరివారికి కన్నులతో చూపుటకు ఆ యూరేగింపు ఒక సాక్ష్యము. సంఘమునకు మేళముతో కలిగిన మొదటి సంబంధము ఇదియే.

అమెరికాలో నల్లజాతివారు

ఈ సంప్రదాయము అమెరికాకు చేరెను. 1819లో థామస్ వైల్డీ యనునతడు బాల్టిమోరు నగరమున ఆడ్‌ఫెలోస్ లాడ్జిని స్థాపించెను. కాని సోదరత్వమును పేరుననే ధరించిన ఆ సంఘములు నల్లజాతివారిని లోనికి రానీయలేదు. వారు వాకిట నిలిచి ఏడ్వలేదు. తమ సంఘములను తామే నిర్మించుకొనిరి.

వీరిలో ప్రథమగణ్యుడు బోస్టను నగరవాసి ప్రిన్సు హాలు. 1775 మార్చి 6వ తేదీన అతడును, మఱి 14 మంది నల్లజాతి స్వతంత్రులును ఆంగ్లసైన్యములోని ఒక లాడ్జి మూలమున ఫ్రీమేసనులైరి. 1784లో ఇంగ్లండు మహాలాడ్జి వారికి అధికారపత్రము నిచ్చెను. అది 1787లో వారి చేతికందెను. ఆ 1787వ సంవత్సరముననే ఫిలడెల్ఫియా నగరమున రిచర్డు ఆలెన్, అబ్సలోం జోన్సు అను పూర్వదాసులిరువురు స్వతంత్ర ఆఫ్రికా సంఘమును స్థాపించిరి. సభ్యుడు నెలకు ఒక వెండి షిల్లింగు చెల్లింపవలయును. ఒక సంవత్సరము చెల్లించిన పిమ్మట అవసరము వచ్చినచో వారమునకు 3 షిల్లింగుల 9 పెన్నీలు భృతి యిత్తురు. అయితే ఆ యవసరము తన యవివేకముచే తెచ్చుకొన్నదై యుండరాదు. వితంతువులకును, తండ్రి లేని బిడ్డలకును ఆ నిధియే దిక్కు. నిన్నటిదాక తామే సొత్తుగా అమ్ముడుపోయిన మనుష్యులు నేడు నిధికి లెక్కలు వ్రాయుచుండిరన్న మాట పాఠకులు గమనింతురు గాక.

1843లో పీటరు ఆగ్డెన్ అను నావికుడు, అమెరికా తెల్లవారి లాడ్జీలను వేడుట మాని, నేరుగా ఇంగ్లండులోని ఆడ్‌ఫెలోస్ సంఘమునుండి అధికారపత్రము సంపాదించి న్యూయార్కున నల్లజాతివారి మొదటి లాడ్జిని నెలకొల్పెను. మేళముల విషయమునను వారు వెనుకబడలేదు. ఫిలడెల్ఫియా వాసి ఫ్రాంకు జాన్సను (1792–1844) మీటల బ్యూగిలు వాయించుటలో దేశప్రసిద్ధుడై, 1837లో తన మేళగాండ్రతో ఇంగ్లండునకు పోయి కచేరీలు చేసెను. ఇట్లు సంఘమొకవైపునను మేళమొకవైపునను పెరుగుచు వచ్చి, దక్షిణమున మిసిసిపీ నదీముఖమునందలి న్యూ ఆర్లియన్సు నగరమున ఏకమైనవి.

న్యూ ఆర్లియన్సు

ఆ నగరము ఫ్రెంచివారు కట్టినది. పిమ్మట స్పెయినువారి యేలుబడిలో నుండి, 1803లో అమెరికాకు చెందినది. దాస్యకాలమునందును అచట స్వతంత్రులైన నల్లజాతివారు వేలకొలదిగా నుండిరి. వారిలో తాపీపనివారు, వడ్రంగులు, దర్జీలు, చుట్టలు చుట్టువారు, సంగీతోపాధ్యాయులు కలరు. 1836లో అట్టివారు కొందఱు ఎకానమీ సంఘమను పరస్పరసహాయసంఘమును స్థాపించి, త్రెమె యను పేటలో సొంత మందిరము కట్టుకొనిరి. నేల చిత్తడిగా నుండుటచే ఆ నగరమున శవములను భూమికి పైగా కట్టిన సమాధులలో నుంచుట వాడుక. ఒంటరి పేదవాడు అట్టి సమాధిని కట్టజాలడు గనుక సంఘములు సభ్యులకెల్ల ఉమ్మడి సమాధులను కట్టించెను. 1853లో పచ్చజ్వరము ప్రబలి ఆ యొక్క నగరముననే సుమారు 8,000 మంది మరణించిరి. అట్టి చోట శవసంస్కారమునకు ముందుగా కూడబెట్టుకొనుట పిచ్చి కాదు, పెద్దతనము.

నగరములోని స్వతంత్రులలోను రంగుభేదము లేకపోలేదు. చాయ పలుచనివారిలో కొందఱు తమకంటె నల్లనివారిని దూరముగా నుంచిరి. ఆ దోషము చరిత్రలో నున్నది గనుక చెప్పితిమి. మనము ఇతరులను వేలెత్తి చూపదగిన విషయము కాదు.

ఎకానమీ సంఘముయొక్క కథలో మనకు ప్రీతికరమైన అంశమొకటి గలదు. ఆ సంఘపు సమావేశముల వృత్తాంతములు ఫ్రెంచి భాషలో, అందమైన దస్తూరితో పెద్ద పుస్తకములలో వ్రాయబడియుండెను. 1950 దశకమున వానిని చెత్తలో పారవేయుచుండగా ఒక గృహస్థుడు చూచి, ఇంటికి కొనివచ్చి దాచెను. ఆయన కుమార్తె ఫాతిమా షేక్ అను రచయిత్రి వానిని చదివి, 2021లో ఎకానమీ హాల్ అను గ్రంథము ప్రకటించెను. ఆమె పితామహుడు మన వంగదేశమునుండి ఆ నగరమునకు పోయి స్థిరపడిన వర్తకుడు. ఒక భారతీయుని కుమారుడు దాచిన పుస్తకములవలన ఆ సంఘచరిత్ర లోకమునకు తెలిసెను. మన సంఘపు మినిట్సు పుస్తకములు ఎవరి యటుకమీద నున్నవో విచారించుట మన కార్యవర్గమునకు తగును.

సంఘములు పనిచేసిన విధము

1865లో అంతర్యుద్ధము ముగిసి దాస్యము రద్దు కాగా, విముక్తులైన జనులు నగరమున అసంఖ్యాకములైన సంఘములను స్థాపించిరి. స్త్రీల సంఘములును వీనిలో పెక్కు గలవు. సభ్యుడు నెలనెల చందా కట్టును. సంఘము ఒక వైద్యునితోను, ఒక మందుల దుకాణముతోను ఏడాదికి ఇంతయని ఒప్పందము చేసికొనును. జబ్బుపడినవానిని చూచుటకు వంతుల చొప్పున సభ్యులు పోవలయును. చనిపోయినవాని యంత్యక్రియకు సభ్యులందఱు సంఘపుదుస్తులతో హాజరు కావలయును, రానివానికి జరిమానా. సంఘములు శవపేటిక, బండ్లు, సమాధి, బ్యాండుమేళము అనువానిని తామే కుదుర్చుచుండెను.

కాలము ఇంకను కఠినమైనది. 1892లో హోమర్ ప్లెసీ యను నగరవాసి తెల్లవారి రైలుపెట్టెలో కూర్చుండి బుద్ధిపూర్వకముగా అరెస్టయ్యెను. అతడును ఒక పరస్పరసహాయసంఘ సభ్యుడే. 1896లో అమెరికా సుప్రీంకోర్టు అతనికి ప్రతికూలముగా తీర్పు చెప్పి, వేఱుచేయుట చట్టవిరుద్ధము కాదనెను. ఆ యేడే ప్రూడెన్షియల్ జీవితబీమా కంపెనీ గణాంకకారుడు ఫ్రెడరిక్ హాఫ్‌మన్ నల్లజాతివారి ప్రాణమునకు బీమా చేయుట నష్టమని పెద్ద గ్రంథము వ్రాసెను. న్యాయస్థానము తలుపు మూసెను. బీమాకంపెనీ ముఖము త్రిప్పుకొనెను. ఇక వారికి మిగిలినది తమ చందాపెట్టెయు, తమ వీథియు. పెట్టె వారి ప్రాణమును నిలిపెను. వీథిలో మ్రోగిన మేళము వారి గౌరవమును నిలిపెను.

మేళగాండ్రు

ఆ కాలపు మేళములలో ఎక్సెల్సియరు, ఆన్‌వర్డు అనునవి ప్రసిద్ధములు. ఈ రెండును 19వ శతాబ్ది చివరి భాగమున ఏర్పడి, 1930 ప్రాంతమువఱకు నిలిచినవి. 1920లో ఏర్పడిన యూరేకా మేళము 1975వఱకు సాగెను. ఒక్కొక్క మేళమున పది పండ్రెండుగురుండెడివారు: కార్నెట్టు లేక ట్రంపెట్టు వాయించువారు, ట్రాంబోనువారు, క్లారినెట్టువాడు, ఆల్టో, బారిటోను హార్నులవారు, ట్యూబావాడు, ఇరువురు డ్రమ్మువారు. వీరు వృత్తిచే సంగీతజ్ఞులు మాత్రమే కారు. ఆన్‌వర్డు నాయకుడు మాన్యుయెల్ పెరెజ్ చుట్టలు చుట్టి జీవించినవాడు. ఇతరులు గోడలకు గిలాబా చేయువారు, ఇటుకపనివారు, రేవుకూలీలు.

ఉపాధ్యాయవృత్తిలో తల నెరసిన మాకు మిక్కిలి ప్రియమైనవాడు జేమ్సు హంఫ్రీ. ఇతనిని జనులు ప్రొఫెసరు అని పిలిచెడివారు. 1880వ దశకమునుండి ఇతడు వారము వారము రైలెక్కి నగరము వెలుపలి చెఱకుతోటలకు పోయి, అచటి కూలీలకు స్వరములు చదువుట నేర్పి, మాగ్నోలియా తోటలో ఎక్లిప్సు అను మేళమును తీర్చిదిద్దెను. అక్షరములు రాని చేతులు స్వరలిపిని పట్టుకొన్నవి. అతని శిష్యులు పిమ్మట నగరమునకు వచ్చి మేళములలో చేరిరి. అతని మనుమడు పెర్సీ హంఫ్రీ యూరేకా మేళమునకు నాయకుడయ్యెను.

ముఖ్యమైన సంగతి యొకటి. ఈ మేళగాండ్రు సంఘములకు పరాయివారు కారు. వారును చందాలు కట్టిన సభ్యులు. ఎవరి శవయాత్రలో తాము వాయించిరో, వారు తమ పేటవారు, తమ లాడ్జివారు. రేపు తమ శవయాత్రలో మిగిలినవారు వాయింతురని వారికి తెలియును. వాయించువానికిని వాయింపబడువానికిని నడుమ ఆకలి యొకటి, చావొకటి, పెట్టె యొకటి.

శవయాత్ర

ఇక ఆ శవయాత్రను వర్ణింతుము. సభ్యుడొకడు మరణించెను. సంఘముయొక్క పతాకము వెలికి వచ్చును. సభ్యులు నల్లదుస్తులు, తెల్లని చేతిజోళ్లు ధరింతురు. వారి రొమ్ముమీది బిళ్లకు రెండు ముఖములు: పండుగనాడు రంగుల ముఖము పైకి, మరణదినమున నల్లముఖము పైకి. ముందు గ్రాండు మార్షలు అను నాయకుడు టోపిని రొమ్మునకు చేర్చి పట్టుకొని, ఒక్కొక్క అడుగు తూచి వేయుచు నడుచును. చిన్న డ్రమ్ము అడుగునందలి తీగలను సడలింతురు. దాని గలగల యణగి, గుండె కొట్టుకొన్నట్టి మందధ్వని వెలువడును. మేళము భక్తిగీతములను విలంబకాలమున వాయించుచు శవపేటిక వెంట శ్మశానమునకు నడుచును. వీథి యిరువైపుల జనులు టోపీలు తీసి నిలుతురు.

సమాధికడ ప్రార్థన ముగియును. సంఘముయొక్క క్రియలు జరుగును. మేళము మరలి, శ్మశానమునుండి మర్యాదకు తగినంత దూరము మౌనముగా నడుచును. అప్పుడు డ్రమ్మువాడు సడలించిన తీగలను బిగించి, చురుకుగా నొక దరువు వేయును. ట్రంపెట్టు పైస్థాయిని పిలుచును. ఒక్కసారిగా మేళమంతయు ద్రుతకాలమున లేచును. సంఘసభ్యులును మేళమును కలిసి మొదటి వరుస. వారి వెనుక, చందా కట్టనివారు, త్రోవను పోవువారు, పిల్లలు, గొడుగులు త్రిప్పుచు, చేతిరుమాళ్లు ఊపుచు, నర్తించుచు వచ్చువారు రెండవ వరుస. ఈ రెండవ వరుస అను పేరే నేడు ఆ యూరేగింపుల కన్నిటికిని నామమైనది.

మనవారిలో కొందఱు దీనిని విని, చావునకు నృత్యమేమి యని ముక్కున వ్రేలు వేసికొనవచ్చును. మన దేశమునను పండుముసలి మరణించినపుడు తప్పెటలతో, పూలు చల్లుచు కొనిపోవుట కలదని వారు మఱువరాదు. ఆ నృత్యము మృతుని చావునకు కాదు. అతడు దిక్కులేనివాడుగా పోలేదన్న సంతోషమునకు. జీవితమంతయు వీథిలో ప్రక్కకు తొలగి నడువవలసివచ్చినవాడు, ఆ యొక్క దినమున వీథి నడుమను రాజువలె నడిపింపబడెను. దానికి ఖర్చు ఎవరి దానమును కాదు. అతడు నెలనెల కట్టుకొన్న తన సొమ్మే.

ఈ రెండవ వరుసలో పరుగెత్తిన బాలురలో లూయీ ఆర్మ్‌స్ట్రాంగు (1901–1971) ఒకడు. 1913లో అతనిని బాలనేరస్థుల గృహమునకు పంపగా, అచట పీటరు డేవిస్ అను ఉపాధ్యాయుడు అతని చేత కార్నెట్టు పట్టించి గృహపు మేళమున చేర్చెను. ఆ బాలుడు ప్రపంచప్రసిద్ధుడయ్యెను. జాజు అను నూతనసంగీతమునకు ఈ మేళములు ఒక ముఖ్యమైన ఊట. 1909లో మొదట ఊరేగింపు చేసి, 1916లో రిజిస్టరయిన జూలూ సహాయవినోదసంఘము 1949లో ఆర్మ్‌స్ట్రాంగును తన పండుగకు రాజుగా ఎన్నుకొనెను. లోకమంతటను కీర్తి గడించినవాడు తన పేటలోని చందాసంఘము ఇచ్చిన కిరీటమును ధరించుటకు మరలి వచ్చెను.

క్షీణతయు, పునరుజ్జీవనమును

1930వ దశకపు ఆర్థికసంక్షోభమున చందాలు ఆగి, పెక్కు సంఘములు కూలినవి. 1935లో అమెరికాప్రభుత్వము సాంఘికభద్రతాచట్టమును చేసెను. పిమ్మట బీమాకంపెనీలు నల్లజాతివారికిని తలుపులు తెఱచెను. వైద్యుని కుదుర్చుకొనవలసిన అవసరము తగ్గగా సంఘములలో సహాయము తగ్గి వినోదము మిగిలెను. 1966లో త్రెమె పేట ప్రక్కనున్న క్లెయిబోర్ను వీథిలోని సిందూరవృక్షములను నఱికి, పై రహదారిని నిర్మించిరి. ఆ చెట్లనీడను ఊరేగింపులు తరతరములుగా చేరుచుండెడివి. మేళగాండ్రు వృద్ధులైరి, పిల్లలు నేర్చుకొనుట మానిరి.

అట్టి సమయమున డానీ బార్కర్ (1909–1994) అను వృద్ధ సంగీతజ్ఞుడు 1970 ప్రాంతమున ఫెయిర్‌వ్యూ చర్చి పిల్లలను చేరదీసి మేళమును నేర్పెను. ఆ పిల్లలలో పెక్కురు పెరిగి మేళనాయకులైరి. 1977లో బయలుదేఱిన డర్టీ డజన్ మేళము తన పేరును ఒక సహాయవినోదసంఘమునుండియే గైకొనెను. ఒక ఉపాధ్యాయుడు నాటిన మొక్క ఒక నగరపు సంగీతమును తిరిగి చిగురింపజేసెను.

2005 ఆగస్టులో కత్రినా తుపాను నగరమును ముంచెను. చెల్లాచెదరైన సంఘములు 2006 జనవరిలో కలిసి పెద్ద ఊరేగింపు చేసి, తాము తిరిగి వచ్చితిమని చాటెను. ఆనాడు కాల్పులు జరిగెనను కారణముచే నగరాధికారులు పోలీసు బందోబస్తు రుసుమును కొన్ని రెట్లు పెంచిరి. సంఘములు న్యాయస్థానమునకు పోయి, 2007లో రాజీమీద ఆ రుసుమును తగ్గింపజేసికొనెను. ఆ యేటి అక్టోబరు 1వ తేదీ రాత్రి, మరణించిన ట్యూబావాదకుడొకనికై అతని మిత్రులు త్రెమె వీథిలో వాయించుచుండగా, అనుమతి లేదని పోలీసులు అడ్డగించి ఇరువురు వాదకులను పట్టుకొనిరి. తరువాతి దినములలో వారు అనుమతిపత్రముతో అదే వీథిలో మరల వాయించిరి. మృతుని తోడు వీడకుండుట వారికి అలవాటు మాత్రమే కాదు, హక్కు అని ఇందువలన తెలియుచున్నది.

మనకు పాఠము

ఇంతవఱకు చదివిన పాఠకులు, ఈ పరదేశగాథ మనకేల యని యడుగవచ్చును. మేము దాచక చెప్పుదుము.

కొన్నేండ్ల క్రిందట మన మహాసభ యొకటి అతివైభవముగా జరిగెను. రెండు బ్యాండుమేళములు వచ్చినవి. పూలరథము కట్టిరి. మేమును వేదికమీది వారిలో నుంటిమి గనుక ఊరేగింపున ముందు వరుసనే నడచితిమి. అందులో క్లారినెట్టు వాయించినవాడు మా బడిలో ఐదవ తరగతివఱకు చదివిన శిష్యుడు. మన కులమువాడు కాడు. మమ్ము చూచి వాద్యము దించి నమస్కరించెను. మధ్యాహ్నము సంతర్పణవేళ మేళగాండ్రు పందిటి వెలుపల చెట్టుక్రింద కూర్చుండియుండిరి. విస్తళ్లు ఎత్తిన పిమ్మట వారికి వడ్డించిరి. మేము చూచితిమి, లోనికి రమ్మని పిలువలేదు.

ఆ యేడు కార్తికమున మన కులసోదరుడే యొకడు, అదే పట్టణమున గోనెసంచులు మోసి జీవించువాడు, రెండు వారములు జ్వరపడి మరణించెను. అతడును మా శిష్యుడే. మేము పోవునప్పటికి పాడె సిద్ధమై యుండెను గాని మోయుటకు ముగ్గురే యుండిరి. కట్టెల ఖర్చునకు అతని భార్య పుస్తెలను కుదువ పెట్టినది. మన సంఘమునుండి వచ్చినవాడు లేడు. మాకును ఆలస్యముగానే తెలిసినది. నాల్గవ భుజమునిచ్చినవాడు ఆ వీథిలోనే కాపురముండు ఆ క్లారినెట్టు వాదకుడు. బంధుశబ్దమునకు అర్థమును నలువది యేండ్లు పాఠము చెప్పిన మాకు ఆనాడు మా శిష్యుడు పాఠము చెప్పెను.

ఇందులో ఎవరినో నిందించుట మా యుద్దేశము కాదు. మొదటి దోషము మాది. కాని దోషమును తెలిసికొన్న పిమ్మట ఊరకుండుట రెండవ దోషమగును. న్యూ ఆర్లియన్సువారు మేళమును పిలుచుటకు ముందు పెట్టెను నింపుకొనిరి. మనము పెట్టె లేకయే మేళమును పిలిచితిమి. వారి ఊరేగింపు తాము చేసిన పనికి సాక్ష్యము. మన ఊరేగింపు చేయని పనికి తెర.

కావున ఈ మహాసభ యెదుట మేము మూడు విన్నపములు చేయుచున్నాము. మొదటిది, ఊరూర సభ్యులు నెలనెల తమ శక్తికి తగినంత చెల్లించు రోగసహాయ, అంత్యక్రియల నిధి నొకదానిని ఏర్పఱచి, దాని లెక్కను ఏటేట ఈ సంచికలోనే అచ్చువేయవలయును. ధనవంతులైన పోషకులు ఎక్కువ యిత్తురు గాక. కాని పేదవాడును తన చందాను తాను కట్టవలయును, ఏలయనగా కట్టినవానిది హక్కు, కట్టనివానికి దొరకునది భిక్ష. రెండవది, సభ్యుడెవడు మరణించినను ఆ యూరి సభ్యులు శ్మశానమువఱకు పోవుట విధిగా నియమము చేయవలయును. మూడవది, మన ఉత్సవములలో వాయించువారు ఏ కులమువారైనను మన పంక్తిలోనే, మనతోడనే భుజింపవలయును.

బ్యాండుమేళము వద్దని మేము చెప్పము. ఇత్తడి బాకా పలికినపుడు ఈ ముసలి యెడదయు పొంగును. అయితే రాబోవు మహాసభనాటికి నిధిపుస్తకమును ఒక పళ్లెరములో నుంచి ఊరేగింపున ముందుగా నడిపింపుడు. దాని వెనుక మేళము మ్రోగునుగాక. వేదికమీది వారు ఆ పిమ్మట నడచినను చాలును. ఆనాడు మా కాళ్లకు శక్తి యున్నచో మేమును వత్తుము. ముందు వరుసలో కాదు, రెండవ వరుసలో.